ఈ–క్లాస్‌కు ఉన్న ఒక్క తాళంచెవీ ఉప్పునీళ్లలో పడింది: రెండోది ఎక్కడ, ఎలా చేయించుకోవాలి?

ప్రశ్న: గుంటగట్టు, విడవలూరు

అందరికీ నమస్కారం. నా దగ్గర 2012లో తయారైన మెర్సిడెస్ ఈ–క్లాస్, డబ్ల్యూ212 డీజిల్ బండి ఉంది. ఎనిమిది నెలల క్రితం చెన్నైలో ఒక మధ్యవర్తి ద్వారా కొన్నాను. అమ్మినాయన ఒక్క తాళంచెవే చేతిలో పెట్టి, రెండోది ఇంట్లో ఎక్కడో ఉందని, దొరకగానే కొరియర్‌లో పంపుతానని చెప్పాడు. ఆ కొరియర్ ఇంతవరకు రాలేదు. ఈమధ్య ఆయన ఫోన్ కూడా ఎత్తడం లేదు.

పోయిన ఆదివారం రొయ్యల గుంట దగ్గర మేత చూద్దామని చెక్ ట్రే పైకి లాగుతూ వంగినప్పుడు, చొక్కా జేబులో ఉన్న తాళంచెవి నీళ్లలోకి జారిపోయింది. మా పనివాడు దిగి బురదలో కాళ్లతో తడిమి పది నిమిషాల్లో తీశాడు. తువ్వాలుతో తుడిచి గంటసేపు ఎండలో పెట్టాను. బటన్లు పనిచేయలేదు. లోపలి నుంచి లాగే చిన్న ఇనుప చెవితో తలుపు తీసేసరికి అలారం మోగి, పక్క గుంటలవాళ్లు కూడా గట్టు మీదికి వచ్చారు. తాళంచెవిని స్టీరింగ్ పక్కనున్న స్లాట్‌లో పెట్టాక గానీ అది ఆగలేదు. ఇప్పుడు బండి ఒక్కోసారి మొదటి ప్రయత్నంలోనే, ఒక్కోసారి నాలుగైదు సార్లు తీసి పెట్టిన తర్వాత స్టార్ట్ అవుతోంది.

నెల్లూరులో ఒక దుకాణంవారు పద్దెనిమిది వేలకు సాయంత్రానికల్లా డూప్లికేట్ ఇస్తామంటున్నారు. చెన్నై షోరూమ్‌కు ఫోన్ చేస్తే, ధర చెప్పకముందే ఆర్‌సీ ఎవరి పేరున ఉందని అడిగారు. అది ఇంకా పాత యజమాని పేరునే ఉంది, నంబరు కూడా తమిళనాడుదే. బయట చేయించుకుంటే బండికి ఏమైనా ప్రమాదమా? ఉన్న తాళంచెవి ఎన్నాళ్లు నిలుస్తుంది? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: ఒంగోలు వైరింగ్

గుంటగట్టు గారూ, మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ తాళంచెవిలో సెల్ ఇంకా ఉంటే ఈ నిమిషమే తీసేయండి. మామూలు నీరైతే ఆరిపోతే సరిపోయేది. గుంట నీళ్లలో ఉప్పు ఉంటుంది కాబట్టి, సెల్ లోపల ఉన్నంతసేపూ ఆ తడిలో కరెంటు పారి, బోర్డు మీది సన్నని రాగి గీతలను తినేస్తుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను మళ్లీ మళ్లీ పీల్చుకుంటుంది. సెల్ తీసి, డబ్బా విప్పి, బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు కడిగి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్ పెట్టి తుడిచి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. ఉప్పును కడగాలంటే నీళ్లే కావాలి, బియ్యం డబ్బాలో పాతిపెడితే ఉప్పు ఎక్కడికీ పోదు. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు.

బటన్లు పనిచేయకపోయినా బండి స్టార్ట్ అవుతోందేమిటన్న సందేహం మీకు వచ్చే ఉంటుంది. ఈ తరం మెర్సిడెస్‌లో బటన్లకు సెల్ కావాలి గానీ, స్టార్ట్ కావడానికి అక్కర్లేదు. స్లాట్‌లో ఒక కాయిల్ ఉంటుంది. తాళంచెవి లోపలికి వెళ్లగానే దానికి కావలసిన కరెంటును తీగ లేకుండా అదే అందిస్తుంది, ఆపైన రెండూ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో సంకేతాలు మార్చుకుంటాయి. తాళంచెవి కొసన ఉన్న నల్లటి ప్లాస్టిక్ కిటికీ అందుకోసమే. దాని మీద ఉప్పు పొర కట్టినా, లోపల చిలుము పట్టినా మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది. ఆ కిటికీని ముందు శుభ్రం చేసి చూడండి.

డూప్లికేట్ అన్న మాట దగ్గర చిన్న అపోహ ఉంది. బీరువా బీగంచెవిని అరగదీసి నకలు చేసినట్టు దీన్ని చేయలేరు. స్లాట్ ఉన్న, తాళంచెవిని గుర్తుపట్టే ఈఐఎస్ యూనిట్‌లో మొత్తం ఎనిమిది తాళంచెవులకు చోటు ఉంటుంది. ఆ యూనిట్ పాస్‌వర్డ్‌ను చదివి, ఖాళీగా ఉన్న ఒక చోటుకు సరిపోయే డేటాను కొత్త తాళంచెవిలో రాస్తారు. పనిచేసే తాళంచెవి ఒకటి చేతిలో ఉంటే పాస్‌వర్డ్ రాబట్టడం తేలిక. అదీ పోతే యూనిట్‌ను బయటికి తీయాల్సిన పరిస్థితి రావచ్చు, అప్పుడు ఖర్చూ ప్రమాదమూ రెండూ పెరుగుతాయి. అందుకే వచ్చే నెలలో చూద్దామని మాత్రం అనుకోకండి. మీది 2012 బండి కాబట్టి బయట చేయించుకోవడానికి వీలుంది. సుమారు 2014 నుంచి వచ్చిన ఎఫ్‌బీఎస్4 అనే కొత్త తరం తాళం పద్ధతి బండ్లయితే నేనే షోరూమ్‌కు వెళ్లమని చెప్పేవాణ్ని.

జవాబు 2: కాగితాలు ముఖ్యం, కావలి

ఒంగోలు వైరింగ్ గారు యంత్రం సంగతి బాగా వివరించారు గానీ, నాకు ఆందోళన కలిగించినది ఎనిమిది నెలలుగా ఆర్‌సీ మారకపోవడం. షోరూమ్‌వారు తాళంచెవిని ఛాసిస్ నంబరు ఆధారంగా, రిజిస్టరైన యజమాని గుర్తింపు చూసిన తర్వాతే తెప్పిస్తారు. అది ఆ బండికే కోడ్ అయి వస్తుంది, రావడానికి వారాలు పట్టవచ్చు. వారు మిమ్మల్ని ఆర్‌సీ అడగడం మీ మీద అనుమానంతో కాదు, అడగకుండా ఇచ్చే షోరూమ్ ఉంటేనే మనం భయపడాలి.

యాజమాన్యం మారినట్టు కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. బీమా బదిలీకి 14 రోజులే గడువు, అది చేయించుకోకపోతే మీ బండికి జరిగే నష్టానికి పరిహారం అడగడం కష్టమవుతుంది. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే ఏపీ నంబరు తీసుకోవాలి. పాత ఆర్‌టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రానికి (ఎన్‌ఓసీ) ఫారం 28, బదిలీకి ఫారం 29, 30 కావాలి, వీటిలో అమ్మినాయన సంతకాలు ఉంటాయి. కాబట్టి ఆయన్ని తాళంచెవి కోసం కంటే ఈ సంతకాల కోసం ముందు పట్టుకోండి. ఫోన్ ఎత్తకపోతే బస్సెక్కి ఇంటికే వెళ్లండి.

బండి దొంగతనానికి గురైతే బీమా సంస్థ ఒరిజినల్ తాళంచెవులన్నీ అప్పగించమంటుంది. ఒకటి ఎవరి దగ్గర ఉందో తెలియదని ఆ రోజు చెప్పుకోవడం కంటే, ఇప్పుడే అమ్మినాయన నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

జవాబు 3: మినీబైపాస్, నెల్లూరు

అనుభవం మీద ఒక మాట. నా పాత సీ–క్లాస్ రెండేళ్ల క్రితం ఇలాగే మొరాయిస్తే, తాళంచెవి పాడైపోయిందని ఒక మెకానిక్ చెప్పిన మాట నమ్మి కొత్తది చేయించాను. అదీ తిరగలేదు. చివరికి తేలిందేమిటంటే, స్టీరింగ్ లాక్ లోపలి చిన్న మోటారు అరిగిపోయింది, తాళంచెవిలో ఏ దోషమూ లేదు. డబ్ల్యూ204 (సీ–క్లాస్), డబ్ల్యూ212 రెండింటిలోనూ ఇది తరచుగా వచ్చే జబ్బే. తాళంచెవి పెట్టగానే స్టీరింగ్ కింద నుంచి లాక్ విడిన చిన్న చప్పుడు వినిపించాలి. కిటికీ తుడిచినా తాళంచెవి తిరగకపోతే, ఆ చప్పుడు వస్తోందో లేదో రేడియో, ఏసీ ఆపి ఒకసారి వినండి. డబ్బు అక్కడ పెట్టాలో ఇక్కడ పెట్టాలో దాన్ని బట్టి కొంత తెలుస్తుంది.

జవాబు 4: ఒంగోలు వైరింగ్

మినీబైపాస్ గారి మాట నిజం, నేను మరచిపోయాను. గుంటగట్టు గారూ, నెల్లూరులో చేయించేటట్లయితే కొన్ని షరతులు పెట్టండి. పని మీ కళ్లముందే, బ్యాటరీకి చార్జర్ తగిలించి జరగాలి. డేటా రాసే మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈఐఎస్ యూనిట్ పనికిరాకుండా పోవచ్చు, దాని ముందు మీ పద్దెనిమిది వేలు చిన్న మొత్తం. రెండో షరతు, కొత్తది చేసిన పూటే, మీ చేతికి రాని పాత తాళంచెవిని యూనిట్‌లో నిలిపివేయించాలి. చాలామంది దీన్ని అడగరు, చేసేవారూ గుర్తుచేయరు. చెన్నైలో ఎవరి సొరుగులోనో ఉన్న తాళంచెవి, నిలిపివేసేదాకా మీ బండిని స్టార్ట్ చేస్తూనే ఉంటుంది.

గుంటగట్టు, విడవలూరు

అందరికీ కృతజ్ఞతలు. డబ్బా విప్పి చూస్తే సెల్ కూర్చునే రేకు మీద పచ్చటి చిలుము, దాని కింద చిటికెడు బురద కనిపించాయి. చెప్పినట్టే కడిగి, ఆరబెట్టి, కొత్త సీఆర్2025 సెల్ వేశాను. లాక్ బటన్ పనిచేస్తోంది, అన్‌లాక్ ఇంకా మొండికేస్తోంది. కిటికీ తుడిచిన తర్వాత బండి మాత్రం ఒక్కసారికే స్టార్ట్ అవుతోంది. స్టీరింగ్ చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

కావలి గారి మాట విని చెన్నై వెళ్లి మూడు ఫారాల మీదా సంతకాలు తెచ్చుకున్నాను. ఆర్‌సీ మారేదాకా ఆగే ధైర్యం లేక రెండో తాళంచెవిని నెల్లూరులోనే, చార్జర్ పెట్టించి, పక్కన కూర్చుని చేయించాను. అప్పుడు తెలిసిన సంగతి ఒకటి ఉంది. యూనిట్‌ను చదివితే, వాడిన చోట్లు రెండు కాదు, మూడు చూపించాయి. నా చేతిలో ఉన్నది పోగా బయట మరో రెండు తాళంచెవులు తిరుగుతున్నాయన్నమాట. ఆ రెండింటినీ అక్కడే నిలిపివేయించాను.

నిన్న అమ్మినాయనే ఫోన్ చేసి, రెండో తాళంచెవి దొరికింది, పంపమంటారా అని అడిగాడు. మూడోదాని మాట ఎత్తితే తనకేమీ తెలియదన్నాడు. ఉన్నదాన్ని పంపమన్నాను. బండి దానితో ఇక కదలదు గానీ, క్లెయిమ్ అవసరం వచ్చిన రోజున లెక్క చూపడానికి పనికొస్తుంది.