వాల్‌గ్రైండ్ (ప్రోగ్రామ్‌లో మెమరీ తప్పులు పట్టే సాధనం): ప్రాసెసర్ దాని సపోర్ట్ జాబితాలో ఉన్నా ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతోంది

స్టాక్‌పాయింటర్: ఏఎండీ64 (64 బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు) లైనక్స్. మెమ్‌చెక్ (వాల్‌గ్రైండ్‌లో మెమరీ తనిఖీ టూల్) కింద నడిపితే 'అన్‌హ్యాండిల్డ్ ఇన్‌స్ట్రక్షన్ బైట్స్' అని వచ్చి, సిగిల్ (చెల్లని ఇన్‌స్ట్రక్షన్) సిగ్నల్‌తో ఆగిపోతోంది. మొదటి బైట్ హెక్స్‌లో 62. విడిగా నడిపితే ఏ ఇబ్బందీ లేదు. బిల్డ్‌లో మార్చ్=నేటివ్ (ఈ మెషిన్ ప్రాసెసర్‌కి ఉన్న ఇన్‌స్ట్రక్షన్లన్నీ వాడుకోమనే కంపైలర్ ఆప్షన్) ఉంది. ఏఎండీ64కి సపోర్ట్ ఉందనే కదా అంటారు?

హెక్స్‌డంప్: ఉందండీ, కానీ అందులో ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ లేదు. 64 బిట్ కోడ్‌లో 62 అంటే ఈవెక్స్ ప్రిఫిక్స్, అంటే ఏవీఎక్స్-512 (512 బిట్ల దాకా వెళ్లే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు). వాల్‌గ్రైండ్ మీ కోడ్‌ని నేరుగా ప్రాసెసర్‌కి వదలదు. ముందు వెక్స్ (వాల్‌గ్రైండ్‌లో కోడ్‌ని అనువదించే భాగం) దాన్ని తన లోపలి రూపంలోకి మారుస్తుంది, మెమ్‌చెక్ అందులో తన తనిఖీలు కలుపుతుంది, ఆ తర్వాతే మళ్లీ మెషిన్ కోడ్. వెక్స్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షన్ వచ్చిందా, అక్కడితో ఆట సరి. వాల్‌గ్రైండ్ 3.25 వెర్షన్ వరకు ఏవీఎక్స్2 దాకానే ఉంది.

మార్చ్=ఎక్స్86-64-వీ3 (ఏవీఎక్స్2 దగ్గరే ఆగుతుంది) పెట్టి మొత్తం క్లీన్ బిల్డ్ చేయండి. అది జీసీసీ 11 నుంచి ఉంది. అంతకన్నా పాతదైతే నేటివ్ పక్కన ఎమ్‌నో-ఏవీఎక్స్512ఎఫ్ చేర్చండి.

స్టాక్‌పాయింటర్: చేశాను. మళ్లీ అదే 62. ఆబ్జ్‌డంప్‌లో (మెషిన్ కోడ్‌ని చదివి చూపే టూల్) జడ్‌ఎమ్‌ఎమ్ (512 బిట్ రిజిస్టర్లు) అని వెతికితే ఒక్కటీ లేదు.

రిజిస్టర్16: జడ్‌ఎమ్‌ఎమ్ ఒక్కటే వెతికితే చాలదు. ఈవెక్స్ ఇన్‌స్ట్రక్షన్లు చిన్న రిజిస్టర్లయిన ఎక్స్‌ఎమ్‌ఎమ్, వైఎమ్‌ఎమ్ మీదా వస్తాయి. 16 నుంచి 31 దాకా నంబరున్న రిజిస్టర్లు, కే1 లాంటి మాస్కులు కనిపిస్తే అవే. ఎర్రర్ కింద స్టాక్ ట్రేస్‌లో మొదటి అడ్రస్ ఏ ఫైల్లో ఉందో చూడండి. మీ కోడ్ కాకుండా, ముందే నేటివ్‌తో బిల్డ్ చేసి పెట్టుకున్న స్టాటిక్ లైబ్రరీ అయ్యుంటుంది.

జీలిబ్‌సీని (లైనక్స్ సీ లైబ్రరీ) అనుమానించకండి. అది నడిచేటప్పుడు సీపీయూఐడీ (ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో చెప్పే ఇన్‌స్ట్రక్షన్) అడిగి మెమ్‌సీపీవై రకాన్ని ఎంచుకుంటుంది, ఆ జవాబు ఇచ్చేది వాల్‌గ్రైండే, తనకి రానివి అందులో దాచేస్తుంది. నేటివ్ నిర్ణయం కంపైల్ రోజునే అయిపోతుంది కాబట్టి ఆ ముసుగు దానికి పనిచేయదు.

ఎండియన్: ఆర్మ్64లోనూ ఇదే తంతు, అక్కడ తగిలేది ఎస్‌వీఈ (ఆర్మ్ వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు). మార్చ్=ఆర్మ్‌వీ8-ఏ పెడితే తప్పుతుంది. రిస్క్-ఫైవ్ 64కి సపోర్ట్ 3.25లో, 2025లో వచ్చింది. ఆర్‌వీ64జీసీ (దాని మామూలు ఇన్‌స్ట్రక్షన్ సెట్) నడుస్తుంది, వెక్టర్ కోడ్ నడవదు.

ఆర్మ్ 32 బిట్‌కి క్రాస్ కంపైల్ చేసేవాళ్లకి ఒక మాట: కాన్ఫిగర్‌కి హోస్ట్ పేరు ఆర్మ్‌వీ7తో మొదలవ్వాలి. ఉత్త 'ఆర్మ్-లైనక్స్' అని ఇస్తే సపోర్ట్ లేని ఆర్కిటెక్చర్ అంటుంది. బోర్డులో వేరే ఫోల్డర్లోకి కాపీ చేస్తే వాల్‌గ్రైండ్_లిబ్ వేరియబుల్‌తో దారి చూపించాలి, లేకపోతే మెమ్‌చెక్ టూల్ దొరకలేదంటుంది.

లాక్‌ఫ్రీ: ఆర్మ్64లో ఎర్రర్ లేకుండా ప్రోగ్రామ్ అలాగే తిరుగుతూ ఉంటే ఎల్‌డీఎక్స్‌ఆర్, ఎస్‌టీఎక్స్‌ఆర్ లూప్ చూడండి (మొదటిది మెమరీని రిజర్వ్ చేసి చదువుతుంది, రెండోది ఆ రిజర్వేషన్ నిలిచి ఉంటేనే రాస్తుంది). ఆ రెంటి మధ్య మెమ్‌చెక్ చొప్పించిన మెమరీ యాక్సెస్‌లు కొన్ని కోర్లలో రిజర్వేషన్‌ని పోగొడతాయి. స్టోర్ ప్రతిసారీ విఫలమే, లూప్ తెగదు. అలాంటి కోర్లని వాల్‌గ్రైండ్ తనే గుర్తుపట్టాలి. పట్టకపోతే సిమ్-హింట్స్=ఫాల్‌బ్యాక్-ఎల్‌ఎల్‌ఎస్‌సీ ఇవ్వండి.

హెక్స్‌డంప్: ఏఎండీ64లో లాంగ్ డబుల్ వాడే టెస్టులు వాల్‌గ్రైండ్ కింద మాత్రమే ఫెయిలైతే బగ్ కోసం వెతక్కండి. 80 బిట్ల లెక్కని అది 64 బిట్లలోనే చేస్తుంది.

స్టాక్‌పాయింటర్: దొరికింది, కంప్రెషన్ స్టాటిక్ లైబ్రరీ. దాన్నీ వీ3తో బిల్డ్ చేశాక మెమ్‌చెక్ చివరిదాకా నడిచింది.