డోలు కొట్టినవాళ్ల పేరు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

మా పెద్దనాయన నలభై ఏళ్లకు పైగా, మల్లన్న కథను పాడి చెప్పే ఒగ్గుకథ బృందంలో డోలు కొట్టాడు. మాది ఐనవోలు దగ్గర ఊరు. సంక్రాంతికి మల్లన్న జాతర మొదలైందంటే ఉగాది దాకా ఆయన ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఇప్పుడు 71 ఏళ్లు. మోకాళ్లు లేవనీయవు. డోలు అటక మీద ఉంది.

60 దాటిన పేద కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 6,000 వరకు ఇచ్చే పథకం ఉందని తెలిసి, అప్లై చేద్దామని పోయిన నెల ఒక ఆఫీసుకు తీసుకెళ్లాను. "కళాకారుడని రుజువేంటి?" అన్నారు. మా దగ్గర ఉన్నది ఒక్కటే ఫోటో. అందులో కథకుడు నిండుగా ఉన్నాడు, పెద్దనాయనది మోచెయ్యి, సగం డోలు కనిపిస్తాయి. పోస్టర్ల మీద, ఫ్లెక్సీల మీద ఎప్పుడూ కథకుడి పేరూ, పక్కన 'బృందం' అన్న మాటా. ఆ 'బృందం'లోనే మా పెద్దనాయన ఉన్నాడు. బయటికి వచ్చాక ఆటోలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

చిన్నప్పుడు నేను ఆయన వెంట పోయేవాణ్ని. సంక్రాంతి చలికి, మంచుకు తోలు మెత్తబడి మోత చచ్చిపోతుంది. వరిగడ్డి మంట పెట్టి, డోలును అటూ ఇటూ తిప్పుతూ కాచి, వేలితో ఒక్కసారి మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. సరిపోకపోతే మళ్లీ మంట. కథకుడు మల్లన్న భార్య మేడలమ్మ పెళ్లి ఘట్టం దగ్గర గుక్క తిప్పుకునే లోపు ఆ ఖాళీని డోలే నింపేది. తెల్లవార్లూ ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఉరికించాలో కథకుడి భుజం చూసి పట్టేవాడు. ఇదంతా ఏ కాగితం మీద రాయించాలి? ఇట్లాంటివాళ్లకు రుజువు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (జనగామ నుంచి)

అన్నా, మా బాపు వంత, అంటే కథకుడి వెనుక పాట అందుకునేవాడు. మాదీ ఇదే బాధ. చుక్క సత్తయ్య గారు మా జిల్లా మనిషే, ఒగ్గుకథ అంటే చాలామందికి ముందు ఆయన పేరే గుర్తొస్తుంది. ఆయనకు ఎంత పేరొచ్చినా తక్కువే. కానీ వంత లేకుండా, డోలు లేకుండా ఏ కథకుడూ రాత్రంతా నిలబడలేడు. మీరు పాత ఆడియో క్యాసెట్లు వెతకండి. మా బాపు పేరు అట్లనే దొరికింది. క్యాసెట్ అట్ట లోపలి మడతలో చిన్న అక్షరాలతో వంత, డోలు, తాళాలు అని వరుసగా పేర్లు వేశారు. అట్టను ఫోటో తీసి, క్యాసెట్ కూడా జాగ్రత్తగా పెట్టండి.

జవాబు (వరంగల్ నుంచి)

నేను రిటైర్డ్ తెలుగు టీచర్ని. ఇంట్లో మల్లన్న పట్నం (దేవుడి పేర నేల మీద వేసే పెద్ద ముగ్గు) వేయించుకున్న కుటుంబాల దగ్గరికి పోండి. చాలా ఇళ్లల్లో వీడియో తీయించుకున్నారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో పట్నం వేస్తుంటే వెనుక డోలు కొట్టేవాళ్లు తప్పకుండా కనిపిస్తారు. ఆకాశవాణి వరంగల్ కేంద్రంలో ఎప్పుడైనా కథ చెప్పి ఉంటే ఆ కాగితాలు బృందంలో ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో అడగండి. తెలుగు యూనివర్సిటీ వాళ్ల జానపద గిరిజన విజ్ఞానపీఠం వరంగల్లోనే ఉంది, అక్కడి అధ్యాపకులను కలవండి.

వీటన్నింటి కంటే ముందు ఒక పని చేయండి. ఆయన్ని కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయండి. డోలు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏయే ఊళ్లు తిరిగాడు, ఏ ఘట్టానికి ఏ దెబ్బ, అన్నీ. ఆఫీసు సంగతి తర్వాత చూద్దాం, 71 ఏళ్లంటే ఆగే పని కాదు.

జవాబు (మణుగూరు నుంచి)

మా దగ్గరి సకిని రామచంద్రయ్య గారికి కోయ డోలి వాయిద్యానికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అదే ఏడాది చిందు యక్షగానానికి జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ ఇచ్చారు. రెండుసార్లూ మా ఇంట్లో పండుగే. అయితే యక్షగానం ఒక్కరితో నడిచే ఆట కాదు కదా. అవార్డు ఇచ్చేటప్పుడు వెంట ఉన్న మేళంలో అందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి ఇస్తే ఎంత ఖర్చవుతుంది? దీన్ని మనం గట్టిగా అడగాలి.

మళ్లీ నేను (హన్మకొండ)

అందరికీ దండాలు. జనగామ తమ్ముడు చెప్పినట్టే మా మేనత్త ఇంట్లో రేకు పెట్టెలో క్యాసెట్ దొరికింది. డోలు దగ్గర పెద్దనాయన పేరే ఉంది, ఇంటిపేరు మాత్రం తప్పు పడింది. చూపిస్తే వేలితో ఆ వరుసను రెండుసార్లు తడిమి, "తాళాలు కొట్టెటోని పేరు కూడా తప్పే కొట్టిండ్రు, పాపం వాడు లేడిప్పుడు" అన్నాడు.

టీచర్ గారూ, ఆదివారం రికార్డింగుకు ఒప్పుకున్నాడు. కానీ వట్టి మాటలు కాదు, కొట్టి చూపిస్తానంటున్నాడు. అటక మీది డోలు దించితే ఒక వైపు తోలు పగిలి ఉంది. వరంగల్, జనగామ వైపు డోలుకు తోలు ఎక్కించేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే ఏ ఊళ్లో ఉంటారో చెప్పండి, శనివారం లోపు తీసుకెళ్తాను.