2004 డిసెంబర్ 6 నాటి తెలుగు పత్రికలు హైదరాబాద్‌లో ఎక్కడ చూడవచ్చు?

బాబాయి పాత డైరీలో ఒక పత్రిక ముక్క దొరికింది. గోవా ఫుట్‌బాల్ జట్టు డెంపోకు ఆడిన బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ మరణవార్త అది. 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్. మోహన్ బగాన్‌పై రెండో గోలు కొడుతూనే గోల్‌కీపర్‌ను ఢీకొని కుప్పకూలాడు, మరి లేవలేదు. పాతికేళ్లవాడు! జట్టును గెలిపించిన ఆ రెండు గోల్స్ కూడా అతనివే. అంతకుముందు ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు.

ముక్క సరిగ్గా ‘ఆస్పత్రికి’ అన్న మాట దగ్గర చిరిగిపోయింది. వెనకవైపు మాత్రం బంగారం ధరలు భద్రంగా ఉన్నాయి, నాకెందుకవి?

అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలు వెతికినవారు ఎవరైనా ఉన్నారా? సభ్యత్వం లేకపోయినా చూడనిస్తారా? ఫోనుతో ఫొటో తీసుకోవచ్చా? బాబాయికి చూపు తగ్గింది, మిగతా వార్త నేనే చదివి వినిపించాలి.