ఫైర్‌వాల్ మీద క్యాప్చర్ పెడితే మూడు ప్యాకెట్లే కనిపిస్తున్నాయి, మిగతావి ఎటు పోతున్నాయి?

రాత్రి_షిఫ్ట్

లోపల క్లయింట్ 10.10.5.40. ఐపీసెక్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన దారి) అవతల సర్వర్ 172.16.20.15, పోర్ట్ 443. లాగిన్ పేజీ టక్కున తెరుచుకుంటుంది. కాస్త పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తే మాత్రం బార్ కొంచెం కదిలి అక్కడే ఆగిపోతుంది, చివరికి టైమౌట్. పాలసీ లాగ్ చూస్తే ట్రాఫిక్‌ని అనుమతించినట్టే ఉంది.

ఫైర్‌వాల్ మీదే క్యాప్చర్ (వచ్చిపోయే ప్యాకెట్ల రికార్డు) పెట్టాను. ఫిల్టర్ 'హోస్ట్ 172.16.20.15'. లోపలి ఇంటర్‌ఫేస్‌లో కనెక్షన్ మొదలుపెట్టే హ్యాండ్‌షేక్ ప్యాకెట్లు సిన్, సిన్-ఆక్, ఆక్ మూడూ వచ్చాయి, ఆ తర్వాత ఏమీ లేదు. కానీ పేజీ తెరుచుకుంటోంది కాబట్టి ట్రాఫిక్ నడుస్తున్నట్టే కదా? వ్యాన్ (బయటి నెట్‌వర్క్ వైపు) ఇంటర్‌ఫేస్‌లో అదే ఫిల్టర్ పెడితే ఒక్క ప్యాకెట్ కూడా పడలేదు. విసుగొచ్చి ఫిల్టర్ తీసేస్తే నిమిషం లోపే డిస్క్ నిండింది. ఆ ఫైలు తెచ్చి వైర్‌షార్క్‌లో చెక్‌సమ్ (ప్యాకెట్ దారిలో చెడిందో లేదో చెప్పే అంకె) తనిఖీ ఆన్ చేస్తే, బయటికి వెళ్ళే ప్యాకెట్లు చాలావాటికి చెక్‌సమ్ తప్పు అంటోంది. వీటిలో దేన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి?

మూడో_లేయర్

మూడు ప్యాకెట్ల సంగతి ముందు తేల్చుకోండి, అది తేలకుండా మిగతావి చూసి లాభం లేదు. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఉన్న బాక్సుల్లో సెషన్ మొదట్లో వచ్చే ప్యాకెట్లనే సీపీయూ చూస్తుంది. పాలసీ ఒప్పుకున్నాక ఆ సెషన్‌ని చిప్‌కి అప్పజెప్పేస్తుంది, దీన్నే ఆఫ్‌లోడ్ అంటారు. క్యాప్చర్ నడిచేది సీపీయూ మీద. అంటే మీకు కనబడేది తీగ మీద పోతున్నది కాదు, సీపీయూ దాకా వచ్చినది మాత్రమే. ఈ తేడా మర్చిపోయి 'హ్యాండ్‌షేక్ తర్వాత క్లయింట్ ఏమీ పంపలేదు' అని టికెట్‌లో రాసేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఫోర్టిగేట్ అయితే ఆ ఒక్క పాలసీలో 'సెట్ ఆటో-ఏసిక్-ఆఫ్‌లోడ్ డిసేబుల్' పెట్టండి. పాలో ఆల్టోలో 'సెట్ సెషన్ ఆఫ్‌లోడ్ నో' అనేది బాక్స్ మొత్తానికీ వర్తిస్తుంది, కాబట్టి రద్దీ లేని వేళ చూసుకుని సీపీయూ మీద ఓ కన్నేసి ఉంచండి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.)

ఇప్పటికే చిప్‌కి వెళ్ళిపోయిన సెషన్ సెట్టింగ్ మార్చగానే వెనక్కి వస్తుందని అనుకోకండి. దాన్ని తీసేసి కొత్తగా కనెక్ట్ అవ్వాలి. సెషన్ ఫిల్టర్‌లో సోర్స్, డెస్టినేషన్ రెండూ ఇచ్చి, ఫిల్టర్‌ని ఓసారి తెరమీద చూసుకుని, అప్పుడు క్లియర్ కొట్టండి. ఖాళీ ఫిల్టర్‌తో క్లియర్ కొడితే బాక్స్‌లో ఉన్న సెషన్లన్నీ ఊడిపోతాయి.

ఇక వ్యాన్ వైపు. అక్కడ మీ సర్వర్ అడ్రస్ కనబడదు, కనబడకూడదు కూడా. టన్నెల్‌లోకి దూరాక ప్యాకెట్ ఎన్‌క్రిప్ట్ అయి రెండు గేట్‌వేల అడ్రస్‌లతో బయటికి పోతుంది: ఈఎస్‌పీ (ఐపీసెక్ ఎన్‌క్రిప్ట్ చేసిన ప్యాకెట్) అయితే ప్రోటోకాల్ 50, మధ్యలో నాట్ (అడ్రస్‌లు మార్చే పద్ధతి) ఉంటే యూడీపీ 4500. కాబట్టి క్యాప్చర్ వ్యాన్ మీద కాదు, టన్నెల్ ఇంటర్‌ఫేస్ మీద పెట్టాలి. టన్నెల్ లేకుండా ఉత్త సోర్స్ నాట్ అయినా ఇదే తిప్పలు. బయటి వైపు క్లయింట్ అడ్రస్ మారిపోతుంది గనుక మారని చివర, అంటే సర్వర్ అడ్రస్ మీద ఫిల్టర్ రాయాలి.

ఫోర్టిగేట్ స్నిఫర్‌లో ఇంటర్‌ఫేస్ 'ఎనీ', వెర్బోసిటీ 4 ఇస్తే ప్రతి లైనులోనూ ఏ పోర్టులో లోపలికి వచ్చిందో, ఏ పోర్టులోంచి బయటికి పోయిందో పక్కనే రాస్తుంది. ఒకే ప్యాకెట్‌కి 'ఇన్' లైను ఉండి 'అవుట్' లైను లేదంటే అది బాక్స్‌లోనే ఆగిందన్నమాట.

వైర్‌పక్షి

ఫిల్టర్‌లో ఇంకో లోపం ఉంది. చిన్నవి పోయి పెద్దవి ఆగుతున్నాయంటే మొదట అనుమానించాల్సింది ఎంటీయూని, అంటే దారిలో పట్టే ప్యాకెట్ గరిష్ఠ సైజుని. ఆ సమస్యకి సాక్ష్యం ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే ప్రోటోకాల్) టైప్ 3 కోడ్ 4 ప్యాకెట్, 'ముక్కలు చేయాలి కానీ డీఎఫ్ బిట్ (ముక్కలు చేయవద్దనే గుర్తు) ఒప్పుకోవట్లేదు' అని చెప్పేది. అది సర్వర్ నుంచి రాదు, దారిలో ఉన్న రౌటరో ఫైర్‌వాలో తన సొంత అడ్రస్‌తో పంపుతుంది. సర్వర్ అడ్రస్ ఉండేది దాని పొట్టలో. ఫిల్టర్ పొట్టలోకి చూడదు, పై హెడర్‌నే చూస్తుంది. అంటే 'హోస్ట్ 172.16.20.15' అని రాసినప్పుడే మీకు కావలసిన ప్యాకెట్‌ని మీరే బయట పెట్టేశారు. ఇలా మార్చండి: 'హోస్ట్ 10.10.5.40 అండ్ (హోస్ట్ 172.16.20.15 ఆర్ ఐసీఎంపీ)'. బ్రాకెట్లని షెల్ మింగేయకుండా మొత్తాన్ని కోట్స్‌లో పెట్టండి.

'పోర్ట్ 443' జతచేసేటప్పుడు కూడా జాగ్రత్త. ప్యాకెట్ ముక్కలైతే పోర్ట్ నంబర్ మొదటి ముక్కలోనే ఉంటుంది, మిగతా ముక్కలు ఫిల్టర్‌లోంచి జారిపోతాయి. ట్రంక్ పోర్ట్ (ఒకే తీగ మీద చాలా వీల్యాన్‌లని మోసేది) మీద వీల్యాన్ ట్యాగ్‌తో వచ్చేవాటికి ఫిల్టర్ ముందు 'వీల్యాన్ అండ్' కావాల్సి రావచ్చు.

డిస్క్ లెక్క: 100 ఎంబీపీఎస్ లైను నిండుగా నడిస్తే సెకనుకు 12.5 ఎంబీ. 100 ఎంబీ ఖాళీ ఎనిమిది సెకన్లలో అయిపోతుంది. మీకు డేటా అక్కర్లేదు, హెడర్లు చాలు. ఈథర్‌నెట్ 14, వీల్యాన్ 4, ఐపీవీ6 అయినా 40, టీసీపీ ఆప్షన్లతో కలిపి ఎక్కువలో ఎక్కువ 60, మొత్తం 118. కాబట్టి క్యాప్చర్ తీసే టీసీపీడంప్ కమాండ్‌లో 'మైనస్ ఎస్ 128' సరిపోతుంది. పాస్‌వర్డ్‌లు, కుకీలు ఫైల్లోకి ఎక్కువగా రాకుండా ఉండటం అదనపు లాభం. 'మైనస్ పెద్ద సీ 20, మైనస్ పెద్ద డబ్ల్యూ 5' ('పెద్ద' అన్నచోట క్యాపిటల్ అక్షరం) ఇస్తే 20 ఎంబీ ఫైళ్ళు ఐదే తిరుగుతుంటాయి, నిండగానే పాతదాని మీద రాస్తుంది. రెండో ఫైలు తెరిచేటప్పుడు పర్మిషన్ ఎర్రర్ వస్తే, టీసీపీడంప్ రూట్ హక్కులు వదిలేసి వేరే యూజర్‌గా నడుస్తోందని అర్థం. ఆ యూజర్ రాయగలిగే ఫోల్డర్ ఇవ్వండి, లేదా 'మైనస్ పెద్ద జడ్ రూట్' పెట్టండి. 'మైనస్ ఎన్' ఎప్పుడూ ఉండాలి, లేకపోతే పేర్ల కోసం అదే డీఎన్‌ఎస్ అడుగుతూ కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని ఫిల్టర్ లేకుండా తెరమీద చూస్తుంటే మీ సెషన్ ప్యాకెట్లే మళ్ళీ మళ్ళీ పడతాయి, 'నాట్ పోర్ట్ 22' (ఇక్కడ నాట్ అంటే 'కాదు' అనే మాట) చేర్చండి.

ఆపాక చివర్లో వచ్చే 'కెర్నల్ వదిలేసిన ప్యాకెట్లు' లెక్క సున్నా అయితేనే ఆ ఫైలుని నమ్మండి. సున్నా కాకపోతే వైర్‌షార్క్ 'ముందు సెగ్మెంట్ దొరకలేదు' అన్న చోటల్లా నెట్‌వర్క్‌లో పోయిందో, క్యాప్చర్‌లో పోయిందో ఎవరూ చెప్పలేరు.

చెక్‌సమ్ తప్పులు వదిలేయండి. చాలాసార్లు దాన్ని నెట్‌వర్క్ కార్డు ఆఖర్న రాస్తుంది, క్యాప్చర్ అంతకుముందే తీసేసుకుంటుంది. లోపలికి వచ్చే ప్యాకెట్లలో తప్పు కనబడితే అది వేరే సంగతి. ఎంటీయూ 1500 ఉన్న లైను మీద 4420 బైట్ల ప్యాకెట్ కనబడినా కంగారు వద్దు. 1460 బైట్ల ముక్కలు మూడింటిని జీఆర్‌ఓ (వచ్చిన ప్యాకెట్లని కలిపే సదుపాయం) అతికించి ఒకే హెడర్ కింద చూపిస్తోంది. కాకపోతే మీరు వెతుకుతున్నదే సైజు కాబట్టి, షెల్ ఉన్న బాక్స్ అయితే ఈథ్‌టూల్‌తో జీఆర్‌ఓ కాసేపు ఆపి తీయండి.

రాత్రి_షిఫ్ట్

ఆఫ్‌లోడ్ ఆపి, సెషన్ తీసేసి, కొత్త ఫిల్టర్‌తో తీశాను. వదిలేసినవి సున్నా. లోపలి ఇంటర్‌ఫేస్‌లో క్లయింట్ నుంచి 1500 బైట్ల ప్యాకెట్, డీఎఫ్ ఆన్. అదే సీక్వెన్స్ నంబర్ 0.3 సెకన్ల తర్వాత మళ్ళీ, ఇంకో 0.6కి మళ్ళీ, ఇంకో 1.2కి మళ్ళీ. ప్రతిదాని వెనకా ఫైర్‌వాల్ అడ్రస్ నుంచి క్లయింట్‌కి ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4, లోపల ఎంటీయూ 1422. టన్నెల్ ఇంటర్‌ఫేస్‌లో హ్యాండ్‌షేక్, చిన్న ప్యాకెట్లు ఉన్నాయి. 1500వి ఒక్కటీ లేవు.

మూడో_లేయర్

అయితే ఫైర్‌వాల్ తన పని తాను చేస్తోంది. 'తగ్గించు' అని చెబుతోంది, క్లయింట్‌కి వినబడట్లేదు. క్లయింట్ మెషీన్ మీద అదే సమయంలో ఓ క్యాప్చర్ తీయండి. ఐసీఎంపీ అక్కడికి చేరుతుంటే ఆ మెషీన్‌లోని ఫైర్‌వాలే దాన్ని పారేస్తోంది. చేరకపోతే మధ్యలోని స్విచ్ యాక్సెస్ లిస్ట్‌లో ఎవరో ఐసీఎంపీని మొత్తంగా మూసేశారు. టైప్ 3 కోడ్ 4 వరకైనా తెరిపించండి, అసలు మందు అదే.

ఈలోగా పని నడవాలంటే ఎంఎస్‌ఎస్ (ఒక్కో టీసీపీ సెగ్మెంట్‌లో పట్టే గరిష్ఠ డేటా) తగ్గించండి. 1422 లోంచి ఐపీ 20, టీసీపీ 20 తీసేస్తే 1382. అప్‌లోడ్‌లో క్లయింట్ ఎంత పెద్ద సెగ్మెంట్ పంపాలో చెప్పేది సర్వర్ సిన్-ఆక్‌లో ఉన్న ఎంఎస్‌ఎస్. సిన్‌ని మాత్రమే మారిస్తే డౌన్‌లోడ్ బాగుపడుతుంది, అప్‌లోడ్ అలాగే ఉంటుంది. ఫోర్టిగేట్ పాలసీలో 'టీసీపీ-ఎంఎస్‌ఎస్-సెండర్', 'టీసీపీ-ఎంఎస్‌ఎస్-రిసీవర్' అని రెండు ఉన్నది అందుకే, రెండూ పెట్టండి. ఎంఎస్‌ఎస్ కుదిరేది హ్యాండ్‌షేక్‌లోనే కాబట్టి పాత కనెక్షన్లు మారవు. యూడీపీకి ఈ కిటుకు పనిచేయదు.

పెట్టాక సిన్-ఆక్ ఒక్కదాన్ని రెండు చోట్లా చూడండి. టన్నెల్ ఇంటర్‌ఫేస్‌లో ఎంఎస్‌ఎస్ 1460 అని వచ్చి, లోపలి ఇంటర్‌ఫేస్‌లో 1382 అని బయటికి పోవాలి. లెక్కని విడిగా సరిచూసుకోవాలంటే విండోస్‌లో 'పింగ్ మైనస్ ఎఫ్ మైనస్ ఎల్ 1394' (28 బైట్ల హెడర్లతో కలిపి సరిగ్గా 1422) పోవాలి, 1395 పోకూడదు.

అయ్యాక ఆ పాలసీలో ఆఫ్‌లోడ్ తిరిగి ఆన్ చేయండి, క్యాప్చర్ ఫైళ్ళు బాక్స్ మీంచి తీసేయండి.