షూ డబ్బాలో దొరికిన మార్క్ ప్రయర్ కార్డు: ఈయన కథేంటి?

అరోరా_నాన్న:

అందరికీ నమస్కారం. మేం ఇల్లినాయ్‌లో అరోరాలో ఉంటాం. పోయిన శనివారం మా వీధి చివర గరాజ్ సేల్‌లో మావాడు ఐదు డాలర్లు పెట్టి ఒక షూ డబ్బా నిండా పాత బేస్‌బాల్ కార్డులు కొన్నాడు. పదేళ్లు వాడికి. అన్నీ చికాగో కబ్స్ వాళ్లవే. అందులో మార్క్ ప్రయర్‌ది కనబడగానే, "నాన్నా, ఈయన డాడ్జర్స్ పిచింగ్ కోచ్ కదా! ఆడేవాడా కూడా?" అన్నాడు. (డాడ్జర్స్ అంటే లాస్ ఏంజెలెస్ టీము, పిచింగ్ అంటే మన బౌలింగ్ లాంటిది.)

డబ్బా అమ్మిన పెద్దాయన అది విని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "ఆడేవాడా అంటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఇంకేం చెప్పలేదు. ఇంకో నాలుగు కార్డులు ఊరికే ఇచ్చి పంపించాడు.

నాది ఖమ్మం, నాకు తెలిసింది క్రికెట్టే. మావాడి పుణ్యమా అని ఇప్పుడిప్పుడే ఈ ఆట తలకెక్కుతోంది. ఇంటికొచ్చి అంకెలు చూశాను. 2003లో 18 గెలుపులు, 6 ఓటములు (ఇక్కడ గెలుపోటములు పిచ్చర్ పేరు మీద కూడా రాస్తారట). 2006 తర్వాత ఖాళీ. మధ్యలో ఏం జరిగింది? ఇలా ఊరించి ఉసూరుమనిపించినవాళ్లు ఇంకెవరున్నారు? పాత కాపులెవరైనా చెప్పండి, మావాడికి కథ చెప్పాలి.

బౌండరీ_బాబాయ్:

బేస్‌బాల్ నాకు తెలీదు గానీ, మన గుంటూరు అంబటి రాయుడు గుర్తొచ్చాడు. 2004 అండర్-19 ప్రపంచకప్పుకి కెప్టెన్. ఇండియా టోపీ పెట్టుకునేసరికి 2013. ఆ తొమ్మిదేళ్లు మా నాన్న ప్రతి సెలక్షన్ రోజూ పేపర్ వెతికేవాడు. సరే, దారి తప్పాను, మీరు కానివ్వండి.

తెనాలి_టు_షాంబర్గ్:

అరోరా_నాన్న గారూ, ఇది రెండు ముక్కల్లో చెప్పొచ్చు, కానీ చెప్పను. ఇన్నేళ్లలో నన్ను ఈ ప్రశ్న అడిగిన తెలుగువాడు మీరొక్కరే.

నేను షాంబర్గ్‌లో దిగింది 2001లో. నలుగురం కుర్రాళ్లం, రెండు బెడ్‌రూములు, ఒక రైస్ కుక్కర్, ఒక టీవీ. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో ప్రయర్ వచ్చాడు. డ్రాఫ్ట్ అంటే తెలుసుగా, కాలేజీ, హైస్కూలు కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకోవడం. మొదటి వంతు మిన్నెసోటాది. అందరూ ప్రయర్ అనుకుంటుంటే వాళ్లు పక్క ఊరి కుర్రాడు జో మావర్‌ని తీసుకున్నారు. డబ్బులకి జడిసి వదిలేశారని జనం ఎగతాళి చేశారు. రెండో వంతు కబ్స్‌ది. వాళ్లు ప్రయర్ చేతిలో కోటీ ఐదు లక్షల డాలర్ల కాంట్రాక్టు పెట్టారు. డ్రాఫ్ట్ కుర్రాడికి అప్పటిదాకా ఎవరూ అంత ఇవ్వలేదు. (ఆ మావర్ 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. నవ్విన నాపచేనే పండింది.)

మా ఆఫీసులో టీమ్ లీడ్ ఒక ఐరిష్ పెద్దమనిషి ఉండేవాడు. ఆట నేర్పింది ఆయనే. మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే బగ్గుల లిస్టు కింద రేడియో మోగుతుండేది. "ఈ కుర్రాడు బంతి వేస్తుంటే చూడు, ఒంట్లో ఎక్కడైనా బలవంతం కనబడుతోందా?" అనేవాడు. నిజంగానే కనబడేది కాదు. పిక్కలు రోకలిబండల్లా ఉండేవి, చెయ్యి మాత్రం తనపాటికి తను వచ్చి వెళ్లిపోయేది. ఇలాంటి యాక్షన్ ఉన్నవాడికి గాయాలే రావని టీవీలో రోజూ చెప్పేవాళ్లు. 2003లో 211 ఇన్నింగ్స్ (ఒక ఆటకి తొమ్మిది ఉంటాయి), 245 స్ట్రైకౌట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక అవుటవడం), తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు 2.43. వయసు 22, సెప్టెంబరులో 23 నిండాయి.

ఇక అక్టోబరు 14. అప్పటికి కబ్స్ చివరిసారి కప్పు గెలిచింది 1908లో, వరల్డ్ సిరీస్ (అంటే ఫైనల్) ఆడింది 1945లో. ఏడు ఆటల సెమీస్ లాంటిదాంట్లో ఫ్లోరిడా మార్లిన్స్ మీద 3-2 ఆధిక్యంలో ఉన్నాం, ఆరో ఆట, సొంత గడ్డ, పిచ్చర్ ప్రయర్. టికెట్ కొనే తాహతు లేదు. రెడ్ లైన్ ట్రైన్ ఎక్కి ఆడిసన్‌లో దిగి, స్టేడియం వెనక వేవ్‌లాండ్ వీధిలో నిలబడ్డాం. వేలమంది. మా ముందు ఒకడు చేతిరేడియో భుజానికి ఎత్తుకుని మోస్తున్నాడు, మన ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటు మోసినట్టు. చుట్టూ ముప్పైమంది దానికే చెవులప్పగించి ఉన్నారు.

ఎనిమిదో ఇన్నింగ్స్. 3-0. ఒకడు అవుట్. ఇంకో ఐదుగురు అవుటైతే వరల్డ్ సిరీస్. ఎడమ పక్క గోడ మీదకి ఫౌల్ బంతి (గీత బయటికి పోయేది) లేచింది, ఫీల్డర్ ఎగిరాడు, అదే క్షణంలో ప్రేక్షకుడొకాయన కూడా చెయ్యి చాపాడు, బంతి చేజారింది. ఆయన పేరు నేను రాయను, ఆయన పడ్డ పాట్లు చాలు. తర్వాత షార్ట్‌స్టాప్‌లో ఉన్న ఫీల్డర్ చేతిలోకొచ్చిన తేలిక బంతి కూడా జారిపోయింది. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో మార్లిన్స్ ఎనిమిది పరుగులు కొట్టారు. గోడ బయట ఉన్న మాకు ఏదీ కనబడలేదు, విన్నామంతే. లోపల నలభై వేలమంది హోరు, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. రేడియో మోసేవాడు నెమ్మదిగా దాన్ని కిందకి దించాడు. మర్నాడు ఏడో ఆట కూడా పోయింది.

ఆ ఫౌల్ బంతిని తర్వాత ఒక రెస్టారెంటు వాళ్లు లక్ష డాలర్లకి పైగా పెట్టి కొని, 2004 ఫిబ్రవరిలో జనం ముందు పేల్చేశారు. దిష్టి తియ్యడం మనకే తెలుసనుకుంటాం.

ఓడిన మరుసటి ఉదయం మా టీమ్ లీడ్ అన్న మాట ఇంకా గుర్తుంది. "పోతే పోయింది. ప్రయర్‌కి 23, కెర్రీ వుడ్‌కి 26. ఇంకో పదేళ్లు మనదే రాజ్యం." వుడ్ సంగతి వేరే కథ. 1998లో, ఇరవై ఏళ్లప్పుడు, ఒకే ఆటలో 20 స్ట్రైకౌట్లు తీశాడు, మరుసటి ఏడాది మోచేతికి ఆపరేషన్. అది కళ్లముందు చూసి కూడా పదేళ్ల లెక్కలు వేశాం మేం.

2004 వసంతంలో క్లార్క్ వీధిలో ప్రయర్ 22 నంబరు జెర్సీ కొన్నాను, మొదటి బోనస్ డబ్బులతో. ఆ రెండు నెలలు అతను మడమ నొప్పితో ఆడలేదు. 2005లో ఎదుటివాడు కొట్టిన బంతి నేరుగా వచ్చి మోచేయి విరిగింది. 2006లో ఒకటి గెలిచాడు, ఆరు ఓడాడు, ఆ ఆగస్టులోనే ఆఖరి ఆట. ఆ తర్వాత భుజానికి ఆపరేషన్లు. నాలుగైదు టీముల చిన్న లీగుల్లో ప్రయత్నించి 2013లో మానేశాడు. మొత్తం 42 గెలుపులు.

ఓరియోల్స్_బాధితుడు:

అన్నా, మీవాడు కనీసం గాయాలతో పోయాడు. మావాడు ఒళ్లు బాగానే ఉండి పోయాడు.

క్రిస్ డేవిస్, మా బాల్టిమోర్ ఓరియోల్స్ బ్యాటర్. 2013లో 53 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), 2015లో 47. 2016లో ఏడేళ్లకి 16.1 కోట్ల డాలర్లు రాసిచ్చారు. 2018లో బ్యాటింగ్ సగటు .168, అంటే వెయ్యిసార్లు బ్యాట్ పడితే 168 హిట్లు (బంతి కొట్టి బేస్ చేరుకోవడం). పూర్తి సీజన్ ఆడినవాళ్లలో చరిత్రలోనే అంత తక్కువ ఎవరికీ లేదు. తర్వాత వరసగా 54 సార్లు బ్యాట్ పట్టుకుని ఒక్క హిట్టూ లేదు. 2019లో బాల్టిమోర్‌లో మొదటి ఆటకి ఆఫీసు వాళ్లతో వెళ్లాను, యాంకీస్ మీద. మూడుసార్లొచ్చాడు, మూడుసార్లూ స్ట్రైకౌట్. నేనూ అందరితోపాటు "బూ" అన్నాను. మా పక్కసీటు పిల్ల వాళ్లమ్మని అడిగింది, "వాళ్లెందుకు మనవాణ్ని తిడుతున్నారు?" అని. నాలుగోసారి నోరు తెరవలేదు, అప్పటికి అతన్ని మార్చేశారనుకోండి.

ఏప్రిల్ 13న బోస్టన్‌లో హిట్టొచ్చింది. ఫోన్లో చూస్తూ మెట్రోలో గట్టిగా అరిచాను. 2021లో రిటైరయ్యాడు. కాంట్రాక్టు బాకీ మాత్రం 2037 దాకా వాయిదాల్లో కడుతూనే ఉంటారట. నా ఇంటి లోను దానికంటే ముందే తీరిపోతుంది.

ఫ్రిస్కో_అమ్మ:

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న బెంగ కుమార్ రాకర్ అనే పిచ్చర్. పేరు చూసి ఆశ్చర్యపోకండి, వాళ్లమ్మ లలిత, అమ్మవైపు వాళ్లు ఇండియా నుంచి వచ్చినవాళ్లు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ ఒక్క హిట్టు ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు తీశాడు, అదీ మొదటి సంవత్సరం పిల్లాడు! 2021లో న్యూయార్క్ మెట్స్ తీసుకుని, డాక్టర్ రిపోర్టులు చూసి సంతకం పెట్టకుండా వదిలేశారు. మన సంబంధాల్లో నిశ్చితార్థం రోజు వెనక్కి తగ్గినట్టు. 2022లో మా టెక్సస్ రేంజర్స్ మూడో వంతులో తీసుకున్నారు, 2023లో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్.

2024లో ఇక్కడే రేంజర్స్ కింది లీగు టీము, మా ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి కూడా ఆడాడు. గడ్డి మీద దుప్పటి పరుచుకుని, డబ్బాలో పులిహోర పెట్టుకుని చూశాం. ఆ సెప్టెంబరులో రేంజర్స్ తరఫున సియాటిల్‌లో మొదటి ఆట, నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. 2025లో మళ్లీ దెబ్బతిని కింది లీగుకి వెళ్లాడు. మా అమ్మాయి నడిగితే "వాడింకా అయిపోలేదు" అని కయ్యిమంటుంది. ఈ లిస్టులో పెట్టానని దానికి చెప్పకండి.

క్లీవ్‌ల్యాండ్_కృష్ణ:

తెనాలి గారూ, అసలు సంగతి దాటేశారు. ప్రయర్ చెయ్యి దానంతటది పోలేదు. 2003 సెప్టెంబరులో ఆట తర్వాత ఆట 120 బంతులు దాటించారు. మార్లిన్స్ మీద రెండో ఆటలో 11-0 ముందున్నా దించలేదు. ఆ ఆరో ఆటలో 119 బంతులు. దూడకి చుక్క మిగల్చకుండా గేదెను పిండినట్టు పిండేశారు. అప్పటి కబ్స్ మేనేజర్ డస్టీ బేకర్ పేరు ఎందుకు రాయలేదు?

తెనాలి_టు_షాంబర్గ్:

కృష్ణ గారూ, బేకర్ని నేనూ చాలా ఏళ్లు తిట్టాను. కానీ మోచేతికి తగిలిన బంతి ఎవరి లెక్కలోదీ కాదు. 2003 జులైలో పరిగెడుతూ ఇంకొకణ్ని ఢీకొని భుజం మీద పడ్డాడు, అదీ ఉంది. ఏది ఎంత అని ఎవరు తేలుస్తారు?

ఇంకోటి చెప్పనా. ఆ రాత్రి వేవ్‌లాండ్‌లో ఏడో ఇన్నింగ్స్ అవగానే రేడియోలో ప్రయరే మళ్లీ వస్తున్నాడని చెప్పారు. వీధంతా ఎగిరి గంతేసింది. "ఇక చాలు, కుర్రాణ్ని దించండి" అన్నవాడు ఒక్కడు లేడు. నేనైతే ముందువాడి వీపు మీద గుద్దాను సంతోషంతో. 2016లో క్లీవ్‌ల్యాండ్‌లో (మీ ఊళ్లోనే, క్షమించాలి) కబ్స్ గెలిచిన రాత్రి కూడా నాకు ఆ గుద్దే గుర్తొచ్చింది.

అరోరా_నాన్న:

ఇదంతా మావాడికి చదివి వినిపించాను. ఎనిమిదో ఇన్నింగ్స్ రెండుసార్లు చదివించుకున్నాడు. డాడ్జర్స్ 2020, 2024, 2025 మూడు కప్పుల్లోనూ ఆయన కోచే కదా, మరి ఓడిపోయాడని ఎందుకంటారు అని వాడి వాదన. కార్డు మీద సంతకం కోసం లాస్ ఏంజెలెస్‌కి పోస్టు చేస్తానంటున్నాడు. పంపొచ్చా, పోతుందంటారా?

తెనాలి_టు_షాంబర్గ్:

పంపండి. లోపల మీ చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు ఒకటి పెట్టండి. కార్డుకి ప్లాస్టిక్ తొడుగు వెయ్యండి, మడత పడకుండా రెండువైపులా అట్టముక్కలు పెట్టండి. రాకపోతే మాత్రం నన్ననకండి.

అన్నట్టు ఆ 22 నంబరు జెర్సీ ఇంకా నా దగ్గరుంది. గోడలకి పెయింట్ వేసేటప్పుడు వేసుకునేవాణ్ని, కుడి భుజం మీద లేత పసుపు మరకలున్నాయి. అరోరా నాకు అరగంట దూరం. మీవాడి సైజెంత?