పొత్తికడుపు రక్తనాళాలకి ఎమ్మారై కావాలా, డాప్లర్ చాలదా?

కాలవగట్టు: నాన్నకి 64. షుగరు, చిన్నప్పటి నుంచీ బీడీ. గట్టు మీద వంద అడుగులు వేసేసరికి పిరుదులూ తొడలూ పట్టేస్తున్నాయి. ఆగి, కొబ్బరి గెలలు లెక్కపెడుతున్నట్టు తల పైకెత్తి నిలబడతారు. రెండు నిమిషాలకి మళ్ళీ నడుస్తారు. డాప్లర్‌లో (రక్త ప్రవాహం చూసే అల్ట్రాసౌండ్ స్కాన్) గ్యాస్ వల్ల పొత్తికడుపు నాళాలు కనిపించలేదట. భీమవరం డాక్టరు గారు ఎమ్మార్ యాంజియో, అంటే రక్తనాళాలకి తీసే ఎమ్మారై, రాశారు. కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 38. తీయించాలా?

పాలకొల్లు పెద్దాయన: ఎందుకు బాబూ? ఖాళీ కడుపుతో వెళ్ళి మళ్ళీ డాప్లర్ తీయించండి. స్కాన్ల వాళ్ళకి బేరం తగ్గినప్పుడల్లా మనకి గ్యాస్ వస్తుంది.

స్కాన్‌గది: పదకొండేళ్ళుగా ఇదే నా ఉద్యోగం అండి. కాళ్ళకి రక్తం తీసుకెళ్ళే ఇలియాక్ నాళాలు పేగుల వెనక లోతుగా ఉంటాయి. ఖాళీ కడుపుతో కొందరికే కనిపిస్తాయి. సీటీ తీస్తే, షుగరు వాళ్ళ నాళాల గోడల్లో పేరుకున్న సున్నం తెల్లగా మెరిసి లోపలి దారిని కప్పేస్తుంది. ఎమ్మారైకి సున్నం అడ్డు కాదు. దానికీ లోపం ఉంది: ఇరుకుని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. పాత స్టెంట్ ఉన్నచోట నాళమే మాయమైనట్టు కనిపించవచ్చు.

రాజోలు రాణి: పేస్‌మేకర్ ఉందా? ఎమ్మారై అంటే ముందు అది చెప్పాలి.

పాలకొల్లు పెద్దాయన: ఎమ్మారైకి ఇచ్చే గడోలినియం ఇంజెక్షన్ మాట దాటేశావేం? కిడ్నీ పాడైన వాళ్ళకి చర్మం చెక్కలా బిగుసుకుపోతుందంటారుగా?

స్కాన్‌గది: ఆ సంబంధం 2006లో బయటపడింది. ముప్పు ముఖ్యంగా ఈజీఎఫ్ఆర్ 30 దిగువన ఉన్నవాళ్ళకి. ఇప్పుడు ఎక్కువగా వాడే రకాలతో చాలా అరుదు. అసలు ఇంజెక్షన్ లేకుండా తీసే పద్ధతులూ ఉన్నాయి.

పాలకొల్లు పెద్దాయన: అంటే గ్యాస్ సంగతి ఒప్పుకున్నట్టేగా.

స్కాన్‌గది: ఇంకా గ్యాస్ దగ్గరే ఉన్నారా! ఇలాంటి సలహాల వల్లే జనం కాళ్ళు పోతున్నాయి.

పాలకొల్లు పెద్దాయన: కాళ్ళు పోవడం గురించి నాకు చెప్పకు. మా తమ్ముణ్ణి మూడు ఊళ్ళు తిప్పి అన్ని స్కాన్లూ తీయించాం. అరెకరం చెరువు అమ్మాం. అంతా అయ్యాక ఆపరేషన్ వద్దన్నాడు. మొదటి రోజు నుంచీ అదే అంటున్నాడు. ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

అమలాపురం అబ్బాయి: అయ్యో.

స్కాన్‌గది: ఆ మాట ముందే చెప్పాల్సిందండి. స్టెంటో బైపాసో వేయించే ఆలోచన ఉంటేనే ఈ స్కాన్. మందులు వాడి, బీడీ మాని, రోజూ నడుస్తూ చూద్దామనుకుంటే ఇప్పుడే అక్కర్లేదు. పడుకున్నా పాదం నొప్పి, మానని పుండు ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు.

పాలకొల్లు పెద్దాయన: ఆలోచన ఎవరిది? కొడుకుదా, తండ్రిదా? ముందు ఆయన్ని అడగమను.

స్కాన్‌గది: ఏమని అడగాలి? చిన్న స్టెంటుతో పోతుందో, పొట్ట కోయాలో బొమ్మ చూస్తేనే కదా తెలిసేది.

కాలవగట్టు: ఇప్పుడే అడిగాను. "పొట్ట కోస్తారా?" అన్నారు. తెలీదన్నాను. "తెలిశాక అడుగు" అని బీడీ వెలిగించారు.

రాజోలు రాణి: పేస్‌మేకర్ సంగతి ఇంకా చెప్పలేదు మీరు.