హెరిటేజ్ లిస్టులో ఉన్న ఇంటికి రిపేర్ పర్మిషన్, ఎవరికైనా వచ్చిందా?

మిద్దె_వారసుడు: హైదరాబాద్‌లో మా తాతగారి ఇల్లు హెరిటేజ్ లిస్టులో ఉంది. టేకు దూలాల మిద్దె, వానొస్తే గదులన్నీ కారుతున్నాయి. మిద్దె తీసేసి స్లాబ్ వేసి వెనకాల ఒక బాత్రూం కట్టాలని ప్లాన్. ఎవర్ని అడగాలి, ఎన్నాళ్ళు పడుతుంది?

గచ్చు_పని: స్లాబా! వద్దండీ బాబూ. సున్నం గోడల మీద సిమెంట్ కొడితే లోపలి తేమ బయటికి రాక పెచ్చులు ఊడిపోతాయి. డంగు సున్నం (గానుగలో రుబ్బిన సున్నం), కరక్కాయ నీళ్ళు, బెల్లం, అంతే. మా లోగిలికి ఇదే చేయించా, పైపూతలో గుడ్డు సొన కూడా కలిపించా, గోడ నున్నగా మెరుస్తోంది.

ఇరానీ_చాయ్: పర్మిషన్ గిర్మిషన్ ఎందుకు భయ్యా, హెరిటేజ్ ఇండ్లను కాపాడే 13వ రెగ్యులేషన్‌ను 2015లనే సర్కారు ఎత్తేసింది, ఇంక లిస్టెక్కడిది, రాత్రికి రాత్రి కానిచ్చెయ్.

రిటైర్డ్_ప్లానర్: తెలియకపోతే ఊరుకోవాలి. టౌన్ ప్లానింగ్‌లో తల నెరిసినవాణ్ణి నేను. 13 పోయాక 2017లో హెరిటేజ్ చట్టం తెచ్చారు. ఇర్రం మంజిల్ ప్యాలెస్ కూల్చి అసెంబ్లీ కడతామని సాక్షాత్తూ క్యాబినెట్ నిర్ణయిస్తేనే, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి ఏదని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. ఇక మీ స్లాబెంత?

ఇరానీ_చాయ్: సార్ అది ప్యాలెస్, ఇది ఇల్లు. పాతబస్తీల ఎన్ని దేవిడీలు, నవాబుల పాత బంగ్లాలు, మాయమైనయో మీ ఆఫీసోళ్ళకు కనబడలే?

శాకాహారి: గచ్చు పని గారూ, పూజగది ఉన్న ఇంటి గోడకి గుడ్డేంటండీ?

గచ్చు_పని: తమిళనాడులో చెట్టినాడు ఇళ్ళ గోడలకీ గుడ్డు సొన పూసేవాళ్ళు, చూసి మాట్లాడండి. ఆ చెట్టియార్ల కంటే నిష్ఠా మీది?

శాకాహారి: నిష్ఠ గురించి మీరు చెప్పక్కర్లేదు. కరక్కాయ, బెల్లం చాలని మా మేస్త్రీయే అన్నాడు.

కోట_వాకిలి: మీ లొల్లి ఆపుండ్రి. మాది ఖిలా వరంగల్, ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కాపాడే కట్టడానికి 100 మీటర్ల లోపట. కొత్తగ ఇటుక పెట్టనియ్యరు, 1992 జూన్ 16 కంటె ముందటి ఇల్లయితే రిపేరుకు అర్జీ పెట్టుకోవచ్చు, అంతే. అది దాటినంక ఇంకో 200 మీటర్ల దాక కట్టుకోవచ్చు గని దానికీ పర్మిషన్ కావాలె. ఫైలు 15 రోజులల్ల ఢిల్లీల ఉండే నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలె, వాళ్ళు 2 నెలలల్ల తేల్చాలె అని చట్టంల రాసుంది. రాసుంటది లే! ఇల్లు పాతదని రుజువు లేదని నా ఫైలు మూలకు పడేసిండ్రు, మా నాయిన ట్రంకుపెట్టెల ఇంటిపన్ను రసీదు దొరికినంకనే కదిలింది. పాత కాగితాలు చించకుండ్రి.

లండన్_లక్ష్మి: ఇక్కడ లండన్‌లో మాది గ్రేడ్ 2 ఇల్లు, అంటే ఇక్కడి హెరిటేజ్ లిస్టులో ఉన్నదే. కిటికీలకి డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం) వేద్దామన్నా లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ అనే అనుమతి కావాలి. దానికి ఫీజు లేదు కానీ అడక్కుండా ముట్టుకుంటే క్రిమినల్ కేసే.

ఇరానీ_చాయ్: లండన్ ముచ్చట మనకెందుకక్కా.

మిద్దె_వారసుడు: బాత్రూం సంగతి ఎవరైనా చెప్తారా??

రిటైర్డ్_ప్లానర్: రెండూ ఒకే అర్జీలో కలపకండి. ఉన్న మిద్దెని ఉన్నట్టే బాగుచేస్తామంటే ఒక లెక్క, స్లాబూ కొత్త గదీ అంటే ఇంకో లెక్క. ముందు పాత కట్టడాల మరమ్మతు తెలిసిన కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌తో కొలతలు, డ్రాయింగులు, ఇప్పుడున్న స్థితికి ఫోటోలు తీయించండి.

శాకాహారి: గచ్చు పని గారూ, గుడ్డు సంగతి వదిలేద్దాం, మీ మేస్త్రీ ఎంత తీసుకున్నాడు?

గచ్చు_పని: కూలి ఫర్వాలేదండీ. సున్నం రుబ్బే డంగు తిప్పడానికి ఎద్దులే దొరకలేదు, మోటార్ పెట్టించేసరికి బడ్జెట్ లేచిపోయింది.